సంగీతశ్రవణం – చిత్తోపశాంతి
(ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల దృష్టితో ఒక పరిశీలన)

ఉపోద్ఘాతం

శిశువు, పశువు, సర్పం సైతం గానరసాన్ని ఎరుగుతాయన్న శ్లోకం ప్రాచ్యకళాశాలల తరగతి గదులలో వినిపించని సంవత్సరం ఉండదు. గానం ప్రాణిని తాకుతుందన్నంతవరకే ఆ శ్లోకం చెప్పింది. తాకిన తరువాత ఏమి జరుగుతుంది? దుఃఖితుని మనస్సు తేలికపడుతుందా, మరింత బరువెక్కుతుందా? ఒకే పాట ఒకనికి ఓదార్పుగాను, మరొకనికి కన్నీరుగాను ఎందుకు పరిణమిస్తుంది? ఈ ప్రశ్నలకు మన ఆలంకారికులు, వైద్యశాస్త్రకర్తలు ఇచ్చిన సమాధానాలను ఆధునిక ప్రయోగాల ఫలితాలతో సరిచూడడం ఈ వ్యాసోద్దేశం.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టసీమలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలను ఇందుకు క్షేత్రంగా గ్రహించడానికి మూడు కారణాలున్నాయి. మనస్సును, దాని వికారాలను పాత్రలుగా చేసిన తెలుగు కావ్యం ఉదయగిరి మంత్రికి అంకితమైంది. పనిపాటలు, భజనలు, జాతరవాద్యాలు ఈ సీమ పల్లెజీవితంలో భాగాలు. ఆత్మకూరుకు సమీపాన ఉన్న అనుమసముద్రంపేట దర్గాకు మనోవ్యాధిగ్రస్తులను తీసుకొని వచ్చే ఆచారం తరతరాలుగా ఉన్నది. కావ్యం, పాట, వ్యాధి అనే మూడూ ఇంత దగ్గరగా ఉన్నచోట ఈ చర్చ కేవలం శాస్త్రవినోదంగా మిగలదు.

మరొక కారణం కూడ ఉన్నది. ‘ఈ రాగం ఈ రోగానికి’ అనే పట్టికలు ఇటీవల పత్రికలలోను, చేతి ఫోన్లలోను విరివిగా సంచరిస్తున్నాయి. ఇది మన శాస్త్రంలో ఉన్నదా అని అడిగేవారు సంస్కృతాంధ్రాలు బోధించే మన వద్దకే వస్తారు. మనం చెప్పే మాట మీద ఒక కుటుంబం రోగికి మందు ఇవ్వడమో, మానడమో ఆధారపడవచ్చు. కనుక ఉన్నదానిని ఉన్నంతవరకే చెప్పడం మన విధి.

ఉదయగిరి కావ్యంలో మనస్సు

కృష్ణమిశ్రుడు పదకొండవ శతాబ్దిలో రచించిన ప్రబోధచంద్రోదయ నాటకాన్ని పదునైదవ శతాబ్దిలో నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు తెలుగు ప్రబంధంగా సంతరించారు. ఆ కృతిని ఉదయగిరి ప్రభువైన బసవరాజు మంత్రి గంగయామాత్యునకు అంకితమిచ్చారు. వివేకుడు, మహామోహుడు, శ్రద్ధ, శాంతి మొదలైన చిత్తభావాలే ఇందులో పాత్రలు. మనస్సునకు ప్రవృత్తి, నివృత్తి అని ఇరువురు భార్యలు. ప్రవృత్తి సంతతి మహామోహాదులు, నివృత్తి సంతతి వివేకాదులు. ఈ దాయాదుల పోరులో మోహపక్షం నశిస్తుంది.

మన విషయానికి ముఖ్యమైనది ఆ తరువాతి ఘట్టం. కామక్రోధాదులు తనను చెరచినవారే అయినా, వారు పోయినందుకు మనస్సు పుత్రశోకంతో విలపిస్తుంది. చెడు వదలినప్పుడు సైతం మనస్సునకు వియోగదుఃఖం తప్పదన్న సూక్ష్మాన్ని కవి ఇక్కడ చూపాడు. ఆ మనస్సును ఊరడించడానికి మూలనాటకంలో విష్ణుభక్తి పంపగా వైయాసికీ సరస్వతి వస్తుంది. వినడంవల్ల శోకార్తమైన చిత్తం మళ్లుతుందన్నది ఈ ఘట్టం సారం.

అయితే ఇక్కడి సరస్వతి వ్యాసవాణియే తప్ప వీణాపాణి కాదు. ఆమె సంసారానిత్యత్వాన్ని బోధిస్తుంది, గానం చేయదు. కనుక దీనిని సంగీతచికిత్సకు ప్రమాణంగా చూపడం సాహసమే అవుతుంది. శోకానికి శ్రవణం ఒక ద్వారమన్నంతవరకే దీని ప్రామాణ్యం. ఆ ద్వారాన గానం ఎట్లు ప్రవేశిస్తుందో తెలుసుకోవడానికి రససిద్ధాంతాన్ని ఆశ్రయించాలి.

రసవిఘ్నం – గీతవాద్యాలు

భరతుని రససూత్రాన్ని వ్యాఖ్యానిస్తూ అభినవగుప్తుడు రసాస్వాదానికి అడ్డుపడే విఘ్నాలు ఏడింటిని పేర్కొన్నాడు. వాటిలో ఒకటి ‘నిజసుఖాదివివశీభావం’. ప్రేక్షకుడు ఇంటి దిగులునో, సొంత సంతోషాన్నో వెంటబెట్టుకొని నాట్యశాలకు వస్తాడు. తన సుఖదుఃఖాలలో తానే మునిగి ఉన్నవానికి రాముని దుఃఖం ఎట్లు పడుతుంది? ఈ విఘ్నాన్ని తొలగించడానికే నాట్యంలో గీతవాద్యాలు, విచిత్రమైన మండపం మొదలైన సామగ్రిని కూర్చారని ఆచార్యుడు వివరించాడు. వీటివల్ల అహృదయుడు సైతం హృదయవైమల్యాన్ని పొంది సహృదయుడవుతాడని ఆయన ఆశయం.

నేటి వ్యవహారంలో మానసిక ఒత్తిడి అంటున్నదానికి ఈ వివశీభావం చాల దగ్గర. అప్పు, పైరు, పరీక్ష, వియోగం వంటి ఏదో ఒక స్వీయచింత చిత్తాన్ని పట్టుకొని వదలకపోవడమే దాని లక్షణం. అభినవగుప్తుని ప్రకారం గానం ఆ చింతకు కారణమైనదానిని తొలగించదు. చింత పట్టును మాత్రం సడలిస్తుంది. పాట విన్నందువల్ల అప్పు తీరదు. అప్పును గురించిన తలపు నుండి మనస్సు కొంతసేపు విడివడుతుంది.

కాళిదాసు శాకుంతలంలోనే ఈ విషయానికి రెండు ఉదాహరణలున్నాయి. ప్రస్తావనలో నటి గ్రీష్మర్తువును గురించి పాడగా సభ అంతా చిత్రించిన బొమ్మవలె నిలిచిపోతుంది. సూత్రధారుడు తాను ప్రదర్శింపవలసిన నాటకాన్నే మరచిపోతాడు. ఇది వివశీభావం సడలడానికి ఉదాహరణ. పంచమాంకంలో హంసపదిక లోపల పాడుతుండగా విన్న దుష్యంతుడు, ప్రియజనవియోగం లేకపోయినా తనకు కారణం తెలియని ఔత్సుక్యం ఎందుకు కలిగిందని ఆశ్చర్యపడతాడు. జన్మాంతరస్నేహాలను చిత్తం తెలియకయే స్మరిస్తుంది కాబోలునని సమాధానపడతాడు. శాపవశాన శకుంతలను మరచినవానికి పాట ఆ మరపు అడుగున ఉన్నదానిని కదిలించింది. ఒకే నాటకంలో ఒక పాట మరపించింది, ఒక పాట స్మరింపజేసింది. గానప్రభావం ఏకముఖం కాదని కవి ఇట్లు సూచించాడు.

ఏ స్వరం ఏ రసానికి అన్న విభాగం కూడ మనకున్నది. వీర, అద్భుత, రౌద్రాలకు షడ్జఋషభాలు, కరుణకు గాంధారనిషాదాలు, హాస్యశృంగారాలకు మధ్యమపంచమాలు, బీభత్సభయానకాలకు ధైవతం అని భరతుని నుండి శార్ఙ్గదేవుని వరకు సంప్రదాయం నడిచింది. ఇది నాట్యప్రయోగానికి చెప్పిన వ్యవస్థయే కాని రోగనివృత్తికి చెప్పినది కాదని గుర్తించాలి.

వైద్యశాస్త్రం ఏమన్నది?

చరకసంహిత సూత్రస్థానం పదునైదవ అధ్యాయంలో ఆతురాలయాన్ని ఎట్లు నిర్మించాలో, అందులో ఏమేమి సమకూర్చుకోవాలో ఉన్నది. గాలివెలుతురులు గల గృహం, నీరు, వంటశాల, శుచియైన పరిచారకులు, ఔషధాలు అని చెప్పిన వరుసలోనే గీతవాద్యాలలోను, శ్లోకగాథాకథనంలోను, ఇతిహాసపురాణాలలోను నేర్పరులైనవారు రోగిచెంత ఉండాలని చరకుడు విధించాడు. గాయకునికి ఆతురాలయంలో స్థానమిచ్చిన ఈ వచనం మనం గర్వింపదగినదే. కాని గాయకుడు ఔషధాలకు బదులుగా రాలేదు, ఔషధాలతోపాటు వచ్చాడు. అదే సంహిత చికిత్సను దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని మూడు విధాలుగా విభజించింది. అహితవిషయాల నుండి మనస్సును నిగ్రహించడం సత్త్వావజయం. సంగీతానికి సహజమైన తావు అక్కడనే. ఆహారౌషధయోజన అనే యుక్తివ్యపాశ్రయాన్ని అది తొలగించదు.

నారదుని పేర వెలసిన సంగీతమకరందంలో ఔడవరాగాలను వ్యాధిశోకభయనాశానికి సంబంధింపజేసిన ప్రస్తావన ఉన్నది. రాగచికిత్సావాదులకు ఇది ఆధారమే. దానిని దాచనవసరం లేదు. అయితే అది ఐదుస్వరాల రాగాలన్నింటినీ కలిపి ఫలశ్రుతిరీతిలో చెప్పిన మాట. రోగనిదానం, రోగిభేదం, కాలపరిమితి, పథ్యం అనేవి అందులో లేవు. అవి లేనిదానిని వైద్యశాస్త్రపరిభాషలో చికిత్స అనలేము. నేడు ప్రచారంలో ఉన్న పట్టికలు ఒక్కొక్క రాగానికి ఒక్కొక్క వ్యాధిని కేటాయిస్తున్నాయి. అంత నిర్దిష్టత ఈ ప్రస్తావనలో కానరాదు.

ప్రయోగాల సాక్ష్యం

ఆధునిక పరిశోధనలలో మన చర్చకు అవసరమైన కొన్నింటిని మాత్రమే ఇక్కడ స్పృశిస్తాను.

2006లో బెర్నార్డి మొదలైనవారు 24 మందికి ఆరు రకాల సంగీతాన్ని వినిపించి శ్వాస, నాడి, రక్తపోటులను కొలిచారు. ఆ ఆరింటిలో భారతీయ రాగాలాపన ఒకటి. వేగం పెరిగినకొద్దీ శ్వాస, నాడి, రక్తపోటు పెరిగాయి. విశేషమేమంటే, నడుమ రెండు నిమిషాలు సంగీతాన్ని ఆపినప్పుడు ఇవి వినడానికి పూర్వమున్న స్థితికంటె కూడ తగ్గాయి. పాట తరువాతి నిశ్శబ్దానికి విశ్రాంతినిచ్చే గుణం ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

2011లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు పాట విని పులకించే క్షణాలలో మెదడులో డోపమైన్ అనే రసాయనం విడుదలవుతున్నదని నిరూపించారు. పులకింత కలిగినప్పుడే కాక, అది కలుగబోతున్నదని ఎదురుచూసేటప్పుడు కూడ మెదడులోని మరొక భాగంలో అది విడుదలైంది. చరణం ముగిసి పల్లవి ఎత్తుగడకు ఎప్పుడు చేరుతుందా అని నిరీక్షించే శ్రోతకు ఆ నిరీక్షణయే సగం ఆనందమన్నది మనకు అనుభవైకవేద్యం.

2014లో తారుఫి, కోల్ష్ 772 మందిని ప్రశ్నించి, విషాదగీతాలు వినేవారికి అత్యధికంగా కలిగేది విషాదం కాదని, గతస్మృతితో కూడిన ఔత్సుక్యమని కనుగొన్నారు. హంసపదిక పాట విన్న దుష్యంతుడు చెప్పుకొన్నది ఇదే. కరుణరసం ఆనందహేతువు ఎట్లవుతుందన్న ప్రాచీనచర్చకు కూడ ఇది ఉపకరిస్తుంది.

1999లో బాల్క్‌విల్, థాంప్సన్ హిందూస్థానీ రాగాలను వాటితో పరిచయంలేని పాశ్చాత్య శ్రోతలకు వినిపించారు. ఉద్దేశించిన భావం సంతోషమో, దుఃఖమో, క్రోధమో అయినప్పుడు వారు గుర్తింపగలిగారు. శాంతం విషయంలో అట్లు కాలేదు. నాట్యంలో శాంతరసానికి పుష్టి లేదని దశరూపకకర్త ధనంజయుడు త్రోసిపుచ్చడం, అభినవగుప్తుడు దానిని నిలబెట్టడం మనకు తెలిసినదే. ఈ ప్రయోగం ఆ వివాదాన్ని తీర్చదు. కాని శాంతం తక్కిన భావాలవలె బాహ్యలక్షణాలతో సులభంగా పట్టుబడదన్న ఊహకు ఊతమిస్తున్నది.

ఇక ఒత్తిడి విషయం. 2020లో డి విట్టే మొదలైనవారు 104 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 9,617 మంది ఫలితాలను కలిపి లెక్కించారు. నాడి, రక్తపోటు మొదలైన దేహలక్షణాలపై సంగీతప్రభావం స్వల్పానికి, మధ్యమానికి నడుమ ఉన్నది. ఆందోళన మొదలైన మనోభావనలపై మధ్యమంగా ఉన్నది. శస్త్రచికిత్సకు ముందు రోగులు పడే ఆందోళనను సంగీతశ్రవణం తగ్గింపగలదని 2013లో 26 ప్రయోగాల సమీక్ష తెలిపింది.

దీనికి ప్రతికూలంగా కనిపించే ఫలితాన్ని కూడ చెప్పాలి. 2013లో థోమా మొదలైనవారు అరవైమంది స్త్రీలలో కొందరికి ప్రశాంతసంగీతాన్ని, కొందరికి నీటి గలగలలను వినిపించి, మిగిలినవారిని ఊరకే కూర్చోబెట్టి, అందరినీ కఠినమైన మౌఖికపరీక్షకు గురిచేశారు. ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ అనే స్రావం సంగీతం విన్నవారిలోనే అధికంగాను, నీటిచప్పుడు విన్నవారిలో అల్పంగాను ఉన్నది. అయితే పరీక్ష ముగిసిన తరువాత తేరుకోవడంలో సంగీతం విన్నవారి నాడీవ్యవస్థ ముందున్నది. సంగీతం కష్టాన్ని రాకుండ ఆపే కవచం కాదని, కష్టం తరువాత తేరుకోవడానికి తోడని ఈ ఒక్క ప్రయోగానికి అర్థం చెప్పుకోవచ్చు. సంగీతం ఎప్పుడైనా, ఎవరికైనా మేలే చేస్తుందన్న సామాన్యవిధి మాత్రం నిలువదు.

మెట్టసీమ పాట

శాస్త్రం, ప్రయోగం చెప్పినవాటిని ఇప్పుడు మన పల్లెల పాటతో పోల్చిచూద్దాం. పెన్న ఒకవైపు, వెలిగొండలు ఒకవైపు హద్దులుగా ఉన్న ఈ సీమలో వర్షాధారపు సేద్యం, బావిసేద్యం ప్రధానమైనవి. నూనె ఇంజన్లు, విద్యుత్తు మోటార్లు రాకపూర్వం బావినీటిని కపిలతో తోడేవారు. ఎద్దులు ఏటవాలుదారిలో దిగడం, బాన పైకి రావడం, నీరు కాలువలో పడడం, ఎద్దులు వెనుకకు నడవడం అనే ఆవృత్తికి తోలేవాని పాట తాళంగా సాగేది. కపిల పోవడంతో ఆ పాటకు సందర్భం పోయింది. నాట్లలో, కలుపులో స్త్రీలు పాడే పాటలు కొంత నిలిచినా, నేడు గట్టుమీది ఫోనునుండి సినిమాపాట వినిపించడమే ఎక్కువ.

దీనిని క్షీణతగా మాత్రమే చూడడం న్యాయం కాదు. తాను కోరుకొన్న పాటను విని అలసట మరచే కూలిమనిషి పొందే ఊరట నిజమైనదే. కాని వినడానికి, కలిసి పాడడానికి భేదమున్నది. 2016లో వేల్స్ దేశంలో ఫాన్‌కోర్ట్ మొదలైనవారు కాన్సర్ రోగులు, వారికి సేవచేసేవారు, ఆప్తులను కోల్పోయినవారు కలిసి పాడే బృందాలలోని 193 మందిని పరీక్షించారు. గంటసేపు పాడిన తరువాత వారిలో కార్టిసాల్ తగ్గి, మనోభావం మెరుగైంది. ఆ గోష్ఠులలో రోగియు, శుశ్రూషకుడును, దుఃఖితుడును ఒకే పల్లవిని ఎత్తుకొన్నారు.

మన చెక్కభజన ఇట్టిదే. గురువు చరణం పాడగా బృందం పల్లవిని అందుకొంటుంది. చెక్కల గతికి అడుగులు కలుస్తాయి. విలంబంలో మొదలై క్రమంగా దురితానికి చేరి, చివర మంగళహారతితో అణగిపోతుంది. వేగం దేహాన్ని ఉద్దీపింపజేస్తుందని, ఆగినప్పుడు దేహం పూర్వస్థితికంటె కూడ నెమ్మదిస్తుందని బెర్నార్డి ప్రయోగం చెప్పినదానికి ఈ క్రమం సరిపోతున్నది. ఇది నా అనుమానమే తప్ప నిరూపితం కాదు. పరీక్షింపదగినదని మాత్రం చెప్పగలను. జాతరలో పంబ మోతకు పూనకం వచ్చి, ఆ తరువాత మనిషి సొమ్మసిల్లి తేరుకోవడంలోను ఈ ఆరోహణావరోహణక్రమమే కానవస్తుంది.

మరణించిన ఇంటిలో స్త్రీలు శోకాలు పెట్టి ఏడవడాన్ని కూడ ఇక్కడ తలచాలి. పోయినవారి గుణాలను ఒక్కొక్కటిగా రాగం తీసి చెప్పుకొంటూ ఒకరు ఏడుస్తుంటే చుట్టూ ఉన్నవారు గొంతు కలుపుతారు. దుఃఖానికి లయ ఏర్పడడం, ఆ లయలో ఇతరులు పాలుపంచుకోవడం ఇందులో ముఖ్యం. మల్లయసింగయల కావ్యంలోని మనస్సువలె ఇక్కడ ఎవరూ ఒంటరిగా విలపింపరు. నాగరికత పేర ఈ ఏడుపును నగుబాటుగా ఎంచేవారు దానివల్ల జరిగే మేలును గమనించడం లేదు.

గానానికి అందని చోటు

అనుమసముద్రంపేటలోని ఖాజా నాయబ్ రసూల్ దర్గాకు హిందువులు, ముస్లిములు అనే భేదం లేక దూరప్రాంతాల నుండి భక్తులు వస్తారు. మనోవ్యాధిగ్రస్తులను తీసుకొని వచ్చి కొన్ని రాత్రులు అక్కడ బసచేసే కుటుంబాలను చూసినవారికి, మన చర్చ ఎవరికోసమో వేరే చెప్పనక్కరలేదు. ప్రార్థన, తోటివారి సాంగత్యం, దర్గాలలో వినవచ్చే భక్తిగానం ఆ కుటుంబాల మనోభారాన్ని తగ్గింపగలవు. చరకుని పరిభాషలో ఇవి దైవవ్యపాశ్రయ, సత్త్వావజయాలు. ఆ ఊరటను తక్కువచేయడానికి ఎవరికీ అధికారం లేదు.

కాని దిగులు వేరు, ఉన్మాదం వేరు. ఉన్మాదాపస్మారాలకు చరకుడు ప్రత్యేకాధ్యాయాలలో ఔషధాలు చెప్పాడే కాని పాటతో సరిపుచ్చలేదు. పైన పేర్కొన్న ఆధునిక ప్రయోగాలు కూడ ఆందోళనను, అలసటను గురించినవే. తీవ్రమైన మనోవ్యాధిలో మందుకు బదులుగా సంగీతం చాలునని వాటిలో ఏదీ చెప్పలేదు. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో బంధింపబడి ఉన్న 28 మంది మనోవ్యాధిగ్రస్తులు అగ్నిప్రమాదంలో మరణించారు. చికిత్స అందని రోగుల గతి ఎంత దారుణంగా ఉండగలదో ఆ సంఘటన దేశానికి చూపింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 అనే సంఖ్యకు ఫోను చేసి ఉచితంగా సలహా పొందవచ్చు. రాగాన్ని గురించి అడగవచ్చినవానికి ఈ సంఖ్యను కూడ చెప్పి పంపడం ఉపాధ్యాయునికి తగని పని కాదు.

ఉపసంహారం

ఇంతవరకు చూసినదానివల్ల తేలినవి ఇవి. గానం చింతకు కారణాన్ని తొలగించదు, చింత పట్టును సడలిస్తుంది. ఈ విషయంలో అభినవగుప్తుని సిద్ధాంతానికి, ప్రయోగశాలల లెక్కలకు మైత్రి ఉన్నది. ఏ పాట ఎవరిని ఎట్లు కదిలిస్తుందన్నది రాగం ఒక్కదానిమీదనే కాక శ్రోత స్మృతిమీద, లయవేగంమీద, పాట తరువాతి నిశ్శబ్దంమీద, పక్కన పాడే మనిషిమీద ఆధారపడి ఉన్నది. కనుక రోగానికొక రాగమన్న పట్టికకు శాస్త్రంలోగాని, ప్రయోగంలోగాని తగిన బలం లేదు. ఆతురాలయంలో ఔషధం పక్కన గాయకుడు ఉండాలన్న చరకుని మాటకు మాత్రం రెండింటి బలమూ ఉన్నది.

పరిశోధకులు చేయవలసినది ఇంకా మిగిలి ఉన్నది. మనం సేకరించిన జానపదగేయాలలో పదాలకు అర్థాలు, పాఠాంతరాలు ఉంటాయి. ఆ పాటను ఎవరు, ఎప్పుడు, ఎందరితో కలిసి పాడారో, పాడకముందు, పాడిన తరువాత తమ మనస్సు ఎట్లున్నదని వారు చెప్పుకొన్నారో సాధారణంగా ఉండదు. ఉదయగిరి, ఆత్మకూరు పల్లెలలో కపిలపాటలు తెలిసినవారు వృద్ధులై ఉన్నారు. ఇకమీదట సేకరణకు వెళ్లే విద్యార్థి పాటతోపాటు ఈ నాలుగు వివరాలను కూడ వ్రాసుకొని వస్తే, గానప్రభావాన్ని గురించి రేపటివారు ఊహతో కాక ఆధారంతో మాట్లాడగలుగుతారు.